ఆయమ్మ ఊళ్ళు చూడబోయిన వైనం

యాభై దాటిన ఆడమనిషి, కాలేజీ కుర్రాళ్ళు తగిలించుకునే సంచి వీపున తగిలించుకుని, వెంట పిట్టపురుగు లేకుండా దక్షిణపు ఊళ్ళు చూడ్డానికి బయల్దేరిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆవిడే నవ్వుకుంది. బస్టాండులో టీకొట్టు అద్దంలో తన వాలకం చూసుకుని, "బాగుందే నీ వేషం!" అని పైకే అనేసింది. టీకొట్టతను తననే అనుకుని "ఏంటమ్మా?" అన్నాడు. "నిన్ను కాదులే నాయనా" అని గ్లాసు అక్కడ పెట్టి బస్సెక్కింది.

ఆవిడకి పేరంటూ లేకపోలేదు. ఉన్నా, ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. మంచాన పడ్డవాళ్ళ దగ్గర ఉండి చూసుకోవడం ఆవిడ పని. అందుకని చిన్నా పెద్దా అందరూ ఆయమ్మా అనే పిలిచారు. మనమూ అలాగే పిలుద్దాం. ఇప్పుడు కొత్తగా మర్యాదలు మొదలుపెడితే ఆవిడే కంగారుపడుతుంది.

ఈ పనిలోకి కావాలని రాలేదు. మొదట తల్లి మంచాన పడింది, చూసుకుంది. తల్లి పోయేసరికి తండ్రి పడ్డాడు, ఆయన్నీ చూసుకుంది. ఇద్దరూ దాటిపోయేసరికి పెళ్ళీడు కూడా దాటిపోయింది. పక్కింటావిడ వచ్చి, "మీ అమ్మానాన్నల్ని పువ్వుల్లో పెట్టి చూసుకున్నావే, మా అత్తగారిని కూడా కాస్త చూసిపెడుదూ" అంది. అదిగో, అక్కణ్ణుంచి ఒక ఇంటి తరవాత ఇంకో ఇల్లు. ఏ ఇంట్లోనైనా ఆవిడ చోటు ఒక్కటే. రోగి మంచం పక్కన, గోడవారగా, ఓ మడతమంచం. ఏ ఇంటి సోఫా మీదా తీరిగ్గా కూర్చుని ఎరగదు. భోజనం కూడా ఒక చెవి మంచం వైపు పడేసి, నాలుగు ముద్దలు గబగబా మింగి లేవడమే.

ఆఖర్న చూసిన పెద్దావిడ దగ్గర మటుకు చాలా ఏళ్ళుంది. ఆ పెద్దావిడకి నడుం కింద పని చెయ్యకపోయినా నోరు రెండింతలు పని చేసేది. భర్త ఉద్యోగం ధర్మమా అని వయసులో ఉండగా దక్షిణాన ఊరూరా తిరిగొచ్చిన మనిషి. "ఆ ఊళ్ళల్లో దారినపోయేవాళ్ళని పిలిచి మరీ కూర్చోబెడతారే ఆయమ్మా! నువ్వోసారి వెళ్ళాలి. నువ్వు ఊరికే కూర్చోగా నేనింతవరకూ చూళ్ళేదు" అనేది.

"చూద్దురుగానిలెండి. ముందు ఇటు తిరగండి, వీపు తుడవాలి."

"తిప్పవే తిప్పు, నన్ను అట్టులా తిప్పడం తప్ప నీకింకేం తెలుసు?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఆ పెద్దావిడ కునుకులోనే వెళ్ళిపోయింది. కూతురు ఆయమ్మని కావలించుకుని, "మా అమ్మకి అసలు కూతురివి నువ్వే" అని భోరుమంది. అందులో అబద్ధమేం లేదు. కానీ అద్దెకి తెచ్చిన ఆస్పత్రి మంచం, చక్రాల కుర్చీ, ఆయమ్మ, ఈ మూడూ ఒక్క వారంలోనే ఆ ఇల్లు వదిలాయి. మరి పేషెంటు లేనప్పుడు ఆయా ఎందుకు? ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. బట్టలు పెట్టుకోవడానికని కూతురు తన కొడుకు వాడి వదిలేసిన సంచి ఇచ్చింది. ఎన్ని అరలో ఆ సంచికి! ఆయమ్మ సామానంతా సర్దినా సగం అరలు బోసిగానే ఉండిపోయాయి.

ఆయాల్ని ఇళ్ళకి పంపే ఏజెన్సీ పిల్ల ఫోన్ చేసింది. "ఆయమ్మా, నీ అదృష్టం, ఇంకో కేసు తగిలింది. పెద్దిల్లు, ఏసీ గది. రేపొచ్చెయ్."

"రానమ్మా" అంది ఆయమ్మ. అన్నాక తనే ఉలిక్కిపడింది. "నెలాఖరు దాకా రాను. ఊళ్ళు చూడాలి."

"ఊళ్ళా? నువ్వా?" అని ఆ పిల్ల ఒకటే నవ్వు. "సరే, నెలాఖరు దాకా వాళ్ళని ఆపుతా. అది దాటితే నా చేతుల్లో లేదు."

అసలు సంగతి ఊళ్ళు చూడటం కాదు. సముద్రమైనా కొండైనా ఫోటోల్లో చూస్తే చాలనుకునే రకం ఆవిడ. ఆ వారం ఖాళీ సంచీ ముందేసుకుని కూర్చున్నప్పుడు ఒక ఆలోచన పురుగులా తొలిచింది. ఇన్ని ఇళ్ళల్లో ఉన్నాను, ఒక్క ఇంట్లోనైనా నాకోసం నన్ను ఉంచుకున్నారా? నా చేతులతో పనిలేనివాళ్ళు ఎవరైనా నన్ను కూర్చోమంటారా, ఇంకాసేపు ఉండమంటారా? ఉండమంటే ఈ పని మానేసి, అలాంటి ఊళ్ళో ఓ గది చూసుకుని మనిషిలా బతుకుతాను. ఎవరూ అనకపోతే నెలాఖరుకి ఏజెన్సీకి ఫోన్ చేసి, ఇంక నోరెత్తకుండా మడతమంచం ఎక్కుతాను. ఇదీ ఆవిడ తనతో తాను వేసుకున్న పందెం. అందుకు రెండే షరతులు పెట్టుకుంది. పనేమిటో ఎవరికీ చెప్పకూడదు. ఎవరికీ ఏ సేవా చెయ్యకూడదు.

లోకంలో మంచివాళ్ళకి కొదవ లేదు. ఈ మాట కాదన్నవాళ్ళతో నేను వాదానికి దిగుతాను. మొదటి ఊళ్ళో పళ్ళమ్మే ఆవిడ, "అంత బరువేసుకుని ఎండలో ఎక్కడికమ్మా, కాసేపు ఇలా నీడకి రా" అని స్టూలు వేసింది. రెండో ఊళ్ళో బస్సు కండక్టరు తను దిగే చోటు కాకపోయినా దిగి, లాడ్జికి దారి చూపించి వెళ్ళాడు. పార్కులో నడకకొచ్చిన పెద్దమనిషి బెంచీ మీద పక్కన కూర్చుని, తన ముగ్గురు కోడళ్ళ మీదా చాడీలన్నీ విప్పాడు. ఆయమ్మకి సరదాగానే ఉంది. కానీ ఆ స్నేహాలన్నీ బస్సొచ్చేదాకానే. చెయ్యూపి వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళిపోయాక, అంతకుముందు లేని వెలితి కూడా వచ్చి పడేది. ఎవరూ పలకరించని రోజే నయమనిపించేది ఒక్కోసారి.

ఆ లాడ్జి గదిలో రెండు మంచాలున్నాయి. ఒకటి కిటికీ పక్కన, వెడల్పైంది. రెండోది తలుపు దగ్గర, ఇరుకుది. ఆయమ్మ ఆలోచించకుండానే ఇరుకు మంచం మీద పడుకుంది. సంచి తీసి పెద్ద మంచం మీద పెట్టింది. పడుకున్నాక ఆ సంచి వైపే తిరిగింది. నిద్రలో అలవాటు ప్రకారం లేచి, అది కదులుతోందా, బరువుగా ఊపిరి తీస్తోందా అని చూసింది. తెల్లారాక జ్ఞాపకమొచ్చి ఫక్కున నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళ నీళ్ళు తిరిగాయి. పెద్ద మంచం మీద పడుకోవడానికి అక్కడ ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు కదా!

మూడో ఊళ్ళో, మనుషుల మధ్య ఉంటే బాగుంటుందని, తనలా సంచులేసుకు తిరిగే పిల్లలుండే హాస్టల్లో దిగింది. ఒక్క గదిలో పది మంది ఆడపిల్లలు, మేడమీద మేడలా మంచాలు. "వావ్ ఆంటీ, మీరొక్కరే తిరుగుతున్నారా!" అని చుట్టూ మూగారు, ఫోటోలు దిగారు. ఏం చేస్తుంటారని అడిగితే, "ఏముందమ్మా, రిటైరయ్యాను" అని తప్పించుకుంది. ఆ పూట తను కూడా వాళ్ళ ఈడుదే అయిపోయినట్టు మహా హుషారుగా ఉంది ఆయమ్మకి.

మర్నాడు పొద్దున్న పిల్లలు లేచి స్నానాలకి వెళ్ళారో లేదో, ఆవిడ చేతులు ఆగలేదు. నలిగిన దుప్పట్లు చూస్తూ ఎలా కూర్చుంటుంది పాపం! అన్ని మంచాలూ దులిపి, మూలలు మడిచి, దుప్పటి అంచులు పరుపు కింద బిగించి, ఆస్పత్రి వార్డులా తయారుచేసింది. అప్పుడే కొత్తగా దిగిన పిల్ల ఒకతి గుమ్మంలోంచి, "ఆంటీ, నాకింకో టవల్ కావాలి, తెచ్చి పెడతారా?" అంది. ఆవిణ్ణి హాస్టల్ పనిమనిషి అనుకుంది మరి. కాదమ్మా, నేనూ నీలా వచ్చినదాన్నే అంటే అయిపోయేది. అబ్బే, ఆ మాట నోటికి వస్తేగా! ఆయమ్మ తన సంచిలోంచి ఉతికిన తువ్వాలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. తను తడి కొంగుతోనే మొహం తుడుచుకుని, అప్పటికప్పుడు సంచి సర్దుకుని బయటపడింది. సిగ్గూ కోపమూ రెండూ ముంచుకొచ్చాయి. కోపం ఆ పిల్ల మీద కాదు, తన చేతుల మీద.

నాలుగో ఊళ్ళో బస్సు దిగుతుంటే సంచి పట్టీ పుటుక్కున తెగింది. అడగ్గా అడగ్గా ఎవరో ఒక సందు చూపించారు. ఆ సందు మలుపులో, ఇంటి ముందు గదే కొట్టుగా చేసుకుని ఒక టైలరమ్మ బట్టలు కుడుతోంది. నలభై ఏళ్ళుంటాయి. మెళ్ళో కొలత టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు తియ్యకుండానే "కూచోండి" అని సైగ చేసింది. పట్టీ అటూ ఇటూ తిప్పి చూసి, సూదులు తీసి, "ఇదేం కుట్టండీ బాబూ, వీణ్ణి పట్టుకు తన్నాలి. ఇలా ఇవ్వండి" అంది. ఆయమ్మకి ఆ మనిషి అక్కడికక్కడే నచ్చేసింది.

పట్టీ కుట్టడం ఎంతసేపు? కానీ మాటల్లో పడ్డారు. ఎక్కణ్ణుంచొచ్చారు, ఒక్కరేనా, భయం లేదా అని టైలరమ్మ అడుగుతుంటే, బస్సులో తన భుజం మీద నిద్రపోయి గురకపెట్టిన మనిషి గురించి ఆయమ్మ అభినయించి మరీ చెప్పింది. టైలరమ్మ పడీపడీ నవ్వి, ప్యాంటు కాలు ఒకటి తిరగేసి కుట్టేసింది. "చూశావా అక్కా, నీ పుణ్యమా అని ఇది విప్పుకోవాలిప్పుడు. శిక్షగా మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలి నువ్వు" అంది. మీరు పోయి నువ్వయింది, అండీ పోయి అక్క వచ్చింది. కొత్త మనిషి నోట అక్కా అన్న పిలుపు విని ఎన్నేళ్ళయిందో.

లోపలి గదిలో, కిటికీ పక్కన చేతుల కుర్చీలో టైలరమ్మ మామగారున్నారు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తుంది. మొగుడు లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి, నెలలో సగం రోజులు ఇంట ఉండడు. టైలరమ్మ ఒక్కతే అటు మిషనూ ఇటు మామగారూ అని పరుగులు పెడుతోంది.

గుమ్మంలో నిలబడగానే ఆయమ్మకి అన్నీ కనిపించాయి. పెద్దాయన ఎడంచెయ్యి కుర్చీ పక్కకి వేలాడుతోంది. దాని కింద దిండుండాలి. లేపేటప్పుడు టైలరమ్మ ఆయన చంకల కింద చేతులేసి లాగుతోంది. అలా లాగితే భుజం జారుతుంది. ఎదురుగా నిలబడి తల పైకెత్తించి తినిపిస్తోంది. అలా పెడితే మెతుకు దారి తప్పుతుంది. ఆ మాట ఆయమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. పందెం గుర్తొచ్చి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నన్నడిగితే అది తప్పే. కానీ ఆవిడకి ఎన్నేళ్ళకో దొరికిన కుర్చీ అది, ఎలా వదులుకుంటుంది?

భోజనమయ్యాక వెళ్తానంటే టైలరమ్మ ఒప్పుకోలేదు. "ఆ లాడ్జిలో గోడలు చూసుకుంటూ కూచుంటావా? ఇక్కడుండు. మిషను చప్పుడు తప్ప నాకు మాట్లాడే దిక్కు లేదు" అంది. ఆయమ్మ ఉండిపోయింది. ఆ రోజులు ఎలా గడిచాయో ఏం చెప్పమంటారు! టైలరమ్మ మిషను తొక్కుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని ఊరికే కబుర్లు చెప్పడం. సాయంత్రం ఇద్దరూ కలిసి బజారుకెళ్ళడం. టైలరమ్మ మిగిలిన గుడ్డముక్కలతో ఒక జాకెట్టు కుట్టి, "వేసుకు చూడు, నీకా రంగు నప్పుతుంది" అని బలవంతాన తొడిగింది. బట్టలివ్వడానికొచ్చిన వాళ్ళతో "మా అక్క, ఊళ్ళు చూడ్డానికొచ్చింది" అని గొప్పగా చెప్పింది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయమ్మకి కడుపు నిండిపోయేది. తను గెలిచినట్టే అనుకుంది. పక్క సందులో అద్దెకిచ్చే గది ఉందని విని, టైలరమ్మకి తెలియకుండా వెళ్ళి చూసి కూడా వచ్చింది. చిన్నదే, ఒక మంచం పడుతుంది. ఒక మంచం చాలు కదా.

ఆ మర్నాడే మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగింది. టైలరమ్మ నిలబడే మామగారికి రొట్టె తుంచి పెడుతూ, గుమ్మంలో ఎవరో పిలిస్తే అటు తిరిగి మాట్లాడుతోంది. పెద్దాయన కుడిచెయ్యి గొంతు దగ్గరికెళ్ళింది. దగ్గు లేదు, మూలుగు లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. ఆ నిశ్శబ్దమేమిటో ఆ ఇంట్లో ఒక్క ఆయమ్మకే తెలుసు. పందెమూ గిందెమూ అన్నీ గాలికెగిరిపోయాయి. ఒక్క ఉదుటున లేచి, ఆయన్ని ముందుకు వంచి, ఛాతీకి ఒక చెయ్యి అడ్డుపెట్టి, రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా చరిచింది. రాలేదు. మళ్ళీ చరిచింది. రొట్టెముక్క వచ్చి ఒళ్ళో పడింది. పెద్దాయన పెద్దగా గాలి పీల్చి దగ్గడం మొదలెట్టారు. ఆ దగ్గు విన్నాక గాని ఆయమ్మకి ఊపిరాడలేదు.

టైలరమ్మ గోడకి జారగిలబడిపోయింది. కాస్త తేరుకున్నాక, "నువ్వెవరక్కా?" అంది.

ఇంకేం దాస్తుంది? చెప్పేసింది. తల్లి దగ్గర్నుంచి పెద్దావిడ దాకా మొత్తం చెప్పింది. టైలరమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "దేవతలా వచ్చావు. నువ్వు లేకపోతే ఈపాటికి..." అని ఏడ్చింది. ఆయమ్మ బిగుసుకుని కూర్చుంది. అడుగుతుంది, ఇప్పుడడుగుతుంది, మామయ్యని చూసుకోవడానికి ఉండిపో అంటుంది, అంటే ఏం చెప్పాలి అని లోపల్లోపలే మాటలు పేర్చుకుంది. సాయంత్రమైంది. టైలరమ్మ అడగలేదు. వంటయ్యింది, పక్కలు పరిచారు. అడగలేదు. "రేపు సముద్రం ఉన్న ఊరికి పొద్దున్నే బస్సుందట అక్కా. ఇంత దూరం వచ్చి చూడకుండా వెళ్తావా? చూసి మళ్ళీ ఇటే రా" అంది. అంతే.

చూశారా? ఆ మనిషి ఏమీ కోరలేదు. పనీ తెలిసింది, అవసరమూ ఉంది, అయినా చుట్టాన్ని చుట్టంగానే ఉంచింది. ఆయమ్మ ఇల్లు వదిలి వెతుక్కుంటూ వచ్చింది సరిగ్గా దీన్నే. హాయిగా బస్సెక్కి సముద్రం చూసి, తిరిగొచ్చి, ఆ పక్క సందు గదిలో దిగిపోతే కథ ఇక్కడితో సుఖాంతం. కానీ మనిషికి భయమనేది ఒకటుంటుందే! పొద్దున్న సంచి సర్దుకుంటుంటే అది పట్టుకుంది. వెళ్ళాక ఈ పిల్ల మర్చిపోతే? పార్కు పెద్దమనిషిలా, హాస్టల్ పిల్లల్లా, ఇదీ బస్సొచ్చేదాకా స్నేహమే అయితే? ఊరికే వచ్చి కూర్చునే మనిషిని ఎన్నాళ్ళు కూర్చోనిస్తారు ఎవరైనా? మనుషుల్ని తనకి కట్టేసుకోవడానికి ఆయమ్మకి తెలిసిన తాడు ఒక్కటే. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి తనే అడిగింది.

"మీ మామగార్ని నేను చూసుకోనా? ఇక్కడే ఉండిపోతాను. నాకేం ఇవ్వక్కర్లేదు."

టైలరమ్మ మొహం ఎలా వెలిగిందంటే, ఆ వెలుగు చూస్తేనే తెలిసింది, ఆ పిల్ల ఎంత అలిసిపోయి ఉందో. "నిజంగానా అక్కా? నేనెలా అడగనా అని నోరు కట్టేసుకున్నాను. ఊరికే వద్దు, ఇచ్చేది ఇస్తాను. ఆ మాట మటుకు కాదనకు" అంది. ఆయమ్మ ఆనందంగా సంచి దింపింది.

ఆ పూటే పని మొదలైంది. పెద్దాయనకి చెయ్యి కింద దిండు చేరింది, వీపు పుండు పడకుండా మందు పడింది. రెండ్రోజుల్లో ఆయన మొహంలో కళ వచ్చింది. టైలరమ్మకి చేతి నిండా పని, చాలా రోజులకి మనశ్శాంతి. అందరికీ మంచే జరిగింది. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. కానీ రాత్రిపూట పెద్దాయన పిలిస్తే వినపడాలి కదా అని ఆయమ్మ పక్క ఆయన గదిలోకి మారింది. ఆయన్ని ఒంటరిగా వదలకూడదని భోజనం పళ్ళెం కూడా ఆ గదిలోకే వచ్చింది. టైలరమ్మే తెచ్చింది, నవ్వుతూనే తెచ్చింది. ఆవిడ గుమ్మంలోకి రాగానే ఆయమ్మ లేచి నిలబడింది. ఎవరూ నిలబడమనలేదు. పాత అలవాటు, ఒళ్ళు దానంతటదే లేచింది. టైలరమ్మ కూడా కూర్చో అక్కా అనలేదు, గమనించనే లేదు. మిషను పక్కన స్టూలు మీదికి కుట్టాల్సిన బట్టలు ఎక్కాయి.

ఒక మధ్యాహ్నం పెద్దాయన వీపు తుడుస్తుంటే ముందు గదిలో మాటలు వినిపించాయి. బట్టలివ్వడానికొచ్చినావిడ, "లోపలెవరు, మీ అక్కేనా?" అనడిగింది.

"అక్క కాదండీ, మా మామయ్యకి పెట్టుకున్న మనిషి. బంగారంలాంటి మనిషి లెండి" అంది టైలరమ్మ.

ఆయమ్మ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. అబద్ధమేముంది అందులో? బంగారం అని కూడా అంది. ఆయమ్మకి పొగడ్త చెవిన పడనే లేదు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఇచ్చిన కుర్చీ తనే తీసుకెళ్ళి గోడవార పెట్టుకుంది, ఎవర్నని ఏం లాభం? పెద్దాయన కుడిచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని, "ఏ...మ్మా?" అన్నారు. "ఏం లేదు బాబుగారూ" అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న టైలరమ్మ మిషను దగ్గర కూర్చోకముందే వెళ్ళి చెప్పింది. "నేను వెళ్తానమ్మా."

"అయ్యో! మరి మామయ్యనెవరు చూస్తారు?"

టైలరమ్మ నోట మొదట వచ్చిన మాట అది. మరుక్షణం నాలిక కరుచుకుంది. మొహం పాలిపోయింది. "అంటే, అలా కాదక్కా..." అంది గాని, అలా కాకపోతే మరెలాగో తనకీ తెలియలేదు. ఆ ఒక్క మాటతో ఆయమ్మ వేసుకున్న పందేనికి సమాధానం దొరికిపోయింది, కావలసింది తన చేతులే అని. అయితే ఆ సమాధానం తను రాయించుకున్నదే, అదీ బాధ.

"ఎవరో ఎందుకు, నువ్వే చూస్తావు" అంది ఆయమ్మ. "రా, నేర్పిస్తాను."

పొద్దుటి బస్సు పోయింది. ఆ పూటంతా కొట్టు తలుపు దగ్గరికి వేసి, ఆయమ్మ తనకి తెలిసిందంతా ఆ పిల్ల చేతుల్లోకి ఎక్కించింది. కూర్చుని పెట్టు, నిలబడి కాదు. గడ్డం కిందికి ఉండాలి. మింగారో లేదో చూశాకే ఇంకో ముద్ద. చంకలు పట్టి లాగకు, నడుంకి గుడ్డ కట్టి ఆ గుడ్డ పట్టుకో. ఎడమ మోకాలికి నీ మోకాలు ఆన్చు, జారదు. లేపాక, ఆయన పూర్తిగా కూర్చునేదాకా చెయ్యి వదలకు, ఇల్లు కూలినా వదలకు. టైలరమ్మ మొదట తడబడింది, ఒకసారి ఏడ్చేసింది, ఒకసారి పెద్దాయనతో సహా మంచం మీద కూలబడి ముగ్గురూ నవ్వారు. నేర్పే కొద్దీ ఆయమ్మకి తెలుస్తూనే ఉంది, ఈ ఇంటికి తన అవసరం కొంచెంకొంచెంగా తగ్గిపోతోందని. అయినా ఏదీ మిగుల్చుకోలేదు. దుప్పటి మడత కూడా నేర్పింది.

మధ్యాహ్నం బస్సు వేళకి సంచి తగిలించుకుంది. టైలరమ్మ అప్పుడే మామగార్ని ఒంటరిగా లేపింది, మొదటిసారి. మంచం నుంచి కిటికీ కుర్చీ వైపు అడుగులో అడుగు వేయిస్తోంది. రెండు చేతులూ ఆయన నడుం గుడ్డ మీద, మోకాలు ఆయన మోకాలికి ఆన్చి, పెదవి పళ్ళ కింద పెట్టుకుని, సరిగ్గా ఎలా చెయ్యాలో అలాగే చేస్తోంది. సాగనంపడానికి గుమ్మం దాకా రావాలంటే ఆయన్ని వదలాలి. వదలకూడదు.

"అక్కా!" అంది టైలరమ్మ, తల తిప్పకుండానే. "వెళ్తున్నావా?"

"ఇటు చూడకు. ఆయన కాలు చూడు."

"మళ్ళీ వస్తావా?"

ఆయమ్మ గుమ్మంలో నిలబడి ఆ వంగిన వీపు చూసింది. వస్తానని చెప్పాలని ఉంది. వస్తే లేచి నిలబడకుండా కూర్చోగలనని తన మీద తనకే నమ్మకం లేదు. "ఆయన్ని కూర్చోబెట్టు ముందు" అంది. అని, వాళ్ళు కుర్చీ దాకా చేరేలోపే మెట్లు దిగి, ఎండలో బస్టాండు వైపు నడిచింది.